నెట్ ఎక్కడ ఆగిందో కనిపెట్టే ఉద్యోగం

మండల కేంద్రంలో ఓ బ్యాంకు శాఖ. పాస్‌బుక్కులు పట్టుకుని జనం వరుసలో నిలబడ్డారు. కౌంటర్‌లో గుమస్తా తెర మీంచి చూపు తిప్పకుండానే చెబుతాడు: "సర్వర్ డౌన్ అండీ, మధ్యాహ్నం రండి." వరుసలో ఉన్న కుర్రాడు తన ఫోన్‌లో అదే బ్యాంకు యాప్ తెరుస్తాడు. బ్యాలెన్స్ కనిపిస్తుంది. పక్క ఊళ్లో ఉన్న మేనమామకు ఫోన్ చేస్తే, అక్కడి శాఖలో లావాదేవీలు మామూలుగానే జరుగుతున్నాయంటాడు. మరి డౌన్ అయిందేమిటి?

సర్వర్ బాగానే ఉందని ఈ రెండు ఆధారాలతోనే తేలిపోయింది. ఎక్కడో దూరాన ఉన్న బ్యాంకు కంప్యూటర్ నిక్షేపంగా పనిచేస్తోంది. ఈ గదికీ దానికీ మధ్య దారి తెగింది. గోడలోని కేబుల్ దగ్గరా? మూలన బీరువా పక్కనున్న పెట్టెలోనా? రోడ్డు పక్కన జేసీబీ తవ్విన గుంతలోనా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే కొందరికి రోజువారీ పని. కాగితాల మీద వాళ్ల హోదా నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్. ఆఫీసులో అందరూ పిలిచేది నెట్‌వర్క్ అడ్మిన్ అని.

డిగ్రీ, పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ పిల్లలు ఈ ఉద్యోగం గురించి అడిగితే వాళ్ల చేతికి వచ్చేది జీతాల పట్టిక, సర్టిఫికెట్ల జాబితా. రెండూ అవసరమే. కానీ ఈ పని తమకు నప్పుతుందో లేదో వాటిని చూసి తేల్చుకోలేరు. నెట్‌వర్క్ ఎలా నడుస్తుందో, ముఖ్యంగా ఎలా ఆగిపోతుందో చూస్తే తేల్చుకోగలరు.

ఒక్క క్లిక్, ఎన్నో మజిలీలు

కౌంటర్ మీది కంప్యూటర్ వెనక నుంచి ఒక కేబుల్ గోడలోకి వెళ్తుంది. అందులో ఎనిమిది సన్నని రాగి తీగలు, రెండేసి చొప్పున మెలిపెట్టి ఉంటాయి. ఆ మెలికకు కారణం ఉంది. చుట్టుపక్కల మోటార్లు, ట్యూబులైట్లు పుట్టించే విద్యుత్ రొద జంటలోని రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది. అవతలి కొసలో రెండింటి మధ్య తేడాను మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి, సమానంగా పడ్డ రొద కొట్టుకుపోతుంది. అందుకే కొసకు ప్లగ్ బిగించేటప్పుడు రంగుల వరుస తప్పకూడదు: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. నెట్‌వర్క్ పనిలో చేరిన కొత్తవాళ్లు మొదటి వారంలోనే క్రింపింగ్ టూల్ పట్టుకుని ఈ వరుసను కంఠతా పడతారు. రెండు కొసల్లోనూ ఒకే తప్పు వరుసలో బిగిస్తే తీగ మీద తీగ సరిగ్గానే కలుస్తుంది, చిన్న టెస్టర్ కూడా బాగుందనే చెబుతుంది. కానీ జంటలు చెదిరిపోవడంతో రొద లోపలికి వచ్చేస్తుంది, నెట్ ఉన్నట్టుండి తడబడుతుంది. పూర్తిగా చచ్చిన కేబుల్‌ను ఎవరైనా పట్టుకుంటారు. సగం బతికిన కేబుల్ అనుభవజ్ఞులను కూడా ఏడిపిస్తుంది.

ఆ కేబుల్ చేరేది స్విచ్ అనే పెట్టెకు. ఏ పోర్టు వెనక ఏ కంప్యూటర్ ఉందో స్విచ్ తనంతట తానే గుర్తుపెట్టుకుంటుంది, ఎవరి సమాచారం వారికే పంపుతుంది. కంప్యూటర్‌కు తన సొంత చిరునామా కూడా కావాలి. అది ఆన్ కాగానే "నాకో నంబరు ఇవ్వండి" అని అందరికీ వినబడేలా అడుగుతుంది. డీహెచ్‌సీపీ అనే సేవ బదులు పలికి ఓ ఐపీ చిరునామా ఇస్తుంది. ఎవరూ పలక్కపోతే విండోస్ కంప్యూటర్ తనకు తానే 169.254తో మొదలయ్యే నంబరు ఒకటి పెట్టుకుంటుంది. తెర మీద ఆ అంకెలు కనిపిస్తే చాలు, అనుభవం ఉన్న అడ్మిన్‌కు సగం సంగతి తెలిసిపోతుంది: ఈ కంప్యూటర్ ఇంకా గడపే దాటలేదు, బ్యాంకు సర్వర్ సంగతి ఆలోచించడం దండగ.

గడప అంటే గేట్‌వే, ఈ భవనం నుంచి బయటి ప్రపంచానికి తెరుచుకునే రౌటర్. అది దాటాక పేరును అంకెగా మార్చుకోవాలి. మనం బ్రౌజర్‌లో కొట్టేవి పేర్లు, రౌటర్లకు తెలిసినవి అంకెలు. మధ్యలో నిలబడి పేరు అడిగితే అంకె చెప్పేది డీఎన్ఎస్ అనే వ్యవస్థ. పాల్ మొకాపెట్రిస్ 1983లో దీన్ని రూపొందించాడు. డీఎన్ఎస్ ఒక్కటే పడిపోయినప్పుడు వింతలు కనిపిస్తాయి. అప్పటికే నడుస్తున్న వీడియో కాల్ సాగుతూనే ఉంటుంది, కొత్తగా ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు. "నెట్ ఉంది, కానీ లేదు" అని జనం చెప్పే ఫిర్యాదు వెనక తరచూ ఉండేది ఇదే.

ఆపై సమాచారం ప్యాకెట్లు అనే చిన్న చిన్న ముక్కలుగా రౌటర్ నుంచి రౌటర్‌కు దూకుతుంది. ఏ రౌటర్‌కూ మొత్తం దారి తెలియదు, తర్వాతి అడుగు ఎటో మాత్రమే తెలుసు. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి న్యూయార్క్ దాదాపు 13 వేల కిలోమీటర్లు. కేబుల్ గీత గీసినట్టు తిన్నగా వేసినా వెళ్లి రావడానికి 130 మిల్లీసెకన్లు పడుతుంది, అసలు కేబుళ్లు సముద్రాల గుండా చుట్టుతిరిగి వెళ్తాయి కాబట్టి ఇంకా ఎక్కువే. అమెరికా సర్వర్ మీద పనిచేసే హైదరాబాద్ ఉద్యోగి "నెట్ నిదానంగా ఉంది" అని ఫిర్యాదు చేస్తే, అందులో ఎంత భాగం భూగోళానిదో, ఎంత భాగం తన కాన్ఫిగరేషన్‌దో అడ్మిన్ విడదీసి చెప్పగలగాలి.

చివరి మడి నుంచి వెనక్కి

ఇన్ని మజిలీల్లో తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకుంటారు? తెలంగాణ పల్లెల్లో చెరువు నీళ్లు పంచే నీరటికాడి పద్ధతే ఇక్కడా. ఆయకట్టు చివరి మడికి నీరందడం లేదంటే అతను చెరువును తిట్టుకుంటూ కూర్చోడు. ఎండిన మడి దగ్గర మొదలుపెట్టి పంటకాలువ వెంట వెనక్కి నడుస్తాడు. పక్క మడిలో తడి ఉందా? ఉంటే అడ్డం ఈ రెండింటి మధ్యే. లేకపోతే ఇంకా పైకి. తూము దాకా వెళ్లేలోపే ఎక్కడో గండి దొరుకుతుంది. నీళ్లు సరిగ్గా పారినన్నాళ్లు అతను ఎవరికీ గుర్తురాడు. నెట్‌వర్క్ అడ్మిన్‌కూ అంతే.

అడ్మిన్ నడక ఇలా సాగుతుంది. కేబుల్ పెట్టిన చోట దీపం వెలుగుతోందా? కంప్యూటర్‌కు సరైన ఐపీ వచ్చిందా? గేట్‌వే పలుకుతోందా? బయటి అంకె పలుకుతోందా? అంకె పలికి పేరు పలక్కపోతే డీఎన్ఎస్. పేరూ పలికి ఏదో ఒక్క సేవే రాకపోతే, రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్ మధ్యలో అడ్డుపడుతోందా? ఒక్కో ప్రశ్న దారిని రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను అనుమానం నుంచి తప్పిస్తుంది. తొందరపడి మూడు చోట్ల ఒకేసారి చెయ్యిపెట్టినవాడికి నెట్ తిరిగి వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు. వారం తర్వాత మళ్లీ పోయినప్పుడు మొదటికి వస్తాడు.

ఫోన్లో ఫిర్యాదు వినడం కూడా ఈ నడకలో భాగమే. "ఏమీ రావట్లేదు సార్" అని కంగారుగా చెప్పే మనిషి నుంచి "మీ ఒక్కరికేనా, పక్క సీటు అక్కకు కూడానా?", "నిన్న సాయంత్రం ఉందా?", "ఈమధ్య ఎవరైనా బల్లలు జరిపారా?" అనే మూడు ప్రశ్నలతో సగం జవాబు రాబట్టొచ్చు. ఈ పనిలో అసలు నైపుణ్యం ఇదేనని నా నమ్మకం. కమాండ్లు పుస్తకంలో దొరుకుతాయి. సరైన ప్రశ్నను సరైన వరుసలో అడిగే ఓపిక పుస్తకంలో దొరకదు.

---

బాక్స్: ప్యాకెట్ ఆయుష్షుతో దారి కనిపెట్టడం

అడ్మిన్ రోజుకు పదిసార్లు వాడే పనిముట్లు రెండు, పింగ్, ట్రేస్‌రూట్. పింగ్‌ను అమెరికా సైనిక పరిశోధనశాలలో పనిచేసిన మైక్ మూస్ 1983 డిసెంబరులో రాశాడు. "ఉన్నావా?" అని ఓ చిన్న ప్యాకెట్ పంపి, "ఉన్నాను" అనే జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చూపడమే దాని పని.

ట్రేస్‌రూట్ తెలివి వేరు. ప్రతి ఐపీ ప్యాకెట్ మీదా ఓ ఆయుష్షు అంకె రాసి ఉంటుంది. దాటిన ప్రతి రౌటర్ ఆ అంకెలోంచి ఒకటి తీసేస్తుంది. సున్నా అయితే ప్యాకెట్‌ను పారేసి, "నీ ప్యాకెట్ నా దగ్గర ఆయువు తీరింది" అని పంపినవారికి కబురు చేస్తుంది. దారి తప్పిన ప్యాకెట్లు ఎప్పటికీ తిరుగుతూ ఉండకుండా పెట్టిన ఏర్పాటు ఇది. వాన్ జాకబ్సన్ 1987లో దీన్నే వాడుకున్నాడు. ఆయుష్షు 1తో ప్యాకెట్ పంపితే మొదటి రౌటర్ నుంచి కబురు వస్తుంది. 2తో పంపితే రెండోదాని నుంచి, 3తో మూడోదాని నుంచి. అలా గమ్యం చేరేదాకా దారిలోని ఒక్కో మజిలీ తన పేరు తానే చెప్పుకుంటుంది.

ఓ జాగ్రత్త ఉంది. కొన్ని రౌటర్లకు ఇలాంటి కబుర్లు పంపొద్దని ముందే చెప్పి ఉంచుతారు. వాటి వరుసలో నక్షత్రాలు మాత్రమే కనిపిస్తాయి. తర్వాతి మజిలీలు మామూలుగా పలుకుతుంటే ఆ నక్షత్రాలను చూసి కంగారు పడనక్కర్లేదు.

---

నాలుగు రోజులు కాగితం మీద నడిచిన ఆస్పత్రి

ఐపీ ప్యాకెట్‌కు ఆయుష్షు ఉంది. దానికంటే కింది మెట్టులో, ఒకే భవనంలోని స్విచ్‌ల మధ్య తిరిగే ఈథర్నెట్ సమాచారానికి అలాంటి అంకె ఏదీ లేదు. ఈ ఒక్క లోటు ఎంత పని చేయగలదో అమెరికాలోని బోస్టన్ నగరం 2002లో చూసింది.

ముందు సమస్య ఏమిటో చూద్దాం. కొన్ని కబుర్లు అందరి కోసం పంపేవి, డీహెచ్‌సీపీని అడిగే కేక లాంటివి. అలాంటి కబురు రాగానే స్విచ్ దాన్ని వచ్చిన పోర్టులో తప్ప మిగతా అన్ని పోర్టుల్లోంచీ పంపుతుంది. ఇప్పుడు రెండు స్విచ్‌ల మధ్య పొరపాటున రెండు కేబుళ్లు వేశారనుకోండి. మొదటి స్విచ్ పంపిన కబురు రెండు కేబుళ్ల మీదుగా రెండోదానికి చేరుతుంది. ఒక కేబుల్ మీద వచ్చినదాన్ని అది రెండో కేబుల్ మీద వెనక్కి పంపుతుంది. ఆయుష్షు అంకె లేదు కాబట్టి ఆ కబురు చావదు, తిరుగుతూనే ఉంటుంది, తిరిగిన ప్రతిసారీ మిగతా పోర్టులన్నిటికీ నకళ్లు పోస్తుంది. కొద్ది సెకన్లలో కేబుళ్లు నిండిపోయి అసలు పనికి చోటు ఉండదు. అడ్మిన్లు దీన్ని లూప్ అంటారు. సమావేశం గదిలో వేలాడుతున్న కేబుల్ కొసను ఎవరో మంచి మనసుతో గోడలోని ఖాళీ రంధ్రంలో గుచ్చితే అంతస్తు మొత్తం నెట్ పోయిన ఉదంతాలు చాలా ఆఫీసుల్లో వినిపిస్తాయి.

అలాగని రెండో కేబుల్ వేయకుండా ఉండలేం. ఒకటి తెగితే ఇంకొకటి ఉండాలి. ఈ చిక్కుముడిని 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజినీరు విప్పింది. ఆమె రూపొందించిన స్పానింగ్ ట్రీ పద్ధతిలో స్విచ్‌లు రెండు సెకన్లకోసారి ఒకదానికొకటి చిన్న కబుర్లు పంపుకుంటాయి. లూప్ అయ్యే దారి ఏదో తేల్చుకుని దాన్ని మూసి ఉంచుతాయి. తెరిచి ఉన్న దారి తెగిపోయి కబుర్లు ఆగితే మూసిన దారిని తెరుస్తాయి. ఇప్పటికీ లక్షలాది స్విచ్‌లలో నడుస్తున్నది ఈ ఆలోచనే, దాని మెరుగైన రూపాల్లో.

దీనికో హద్దు ఉంది. స్విచ్‌ల గొలుసు మరీ పొడవైతే ఆ కబుర్లు సకాలంలో చేరవు. ఈ చివరి నుంచి ఆ చివరికి ఏడు స్విచ్‌లు మించకూడదన్నది లెక్క. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్ నెట్‌వర్క్ ఏళ్ల తరబడి అంచెలంచెలుగా పెరిగి ఆ హద్దు దాటిపోయింది. పని జరుగుతోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. 2002 నవంబరు 13న ఒక పరిశోధకుడి సాఫ్ట్‌వేర్ భారీ ఎత్తున సమాచారాన్ని నెట్‌వర్క్ మీదకు వదిలింది. ఆ రద్దీలో స్విచ్‌ల మధ్య కబుర్లు ఆలస్యమయ్యాయి. కబురు రాలేదంటే దారి తెగిందనే కదా వాటి లెక్క! మూసి ఉంచాల్సిన దారులను తెరిచేశాయి. లూప్ పుట్టింది. లూప్ వల్ల రద్దీ ఇంకా పెరిగింది, దానితో ఇంకొన్ని కబుర్లు ఆగాయి.

పరీక్షల ఫలితాలు, మందుల ఆర్డర్లు, రోగుల రికార్డులు అన్నీ ఆ నెట్‌వర్క్ మీదే ఉన్నాయి. దాదాపు నాలుగు రోజుల పాటు ఆస్పత్రి కాగితాల మీదికి వెళ్లింది. మందుల చీటీలను, ల్యాబ్ ఫలితాలను మనుషులు చేతులతో మోసుకెళ్లారు. నెట్‌వర్క్ పరికరాలు తయారుచేసే సిస్కో సంస్థ ఇంజినీర్లు సామగ్రితో సహా వచ్చి వాలారు. చివరకు నెట్‌వర్క్‌ను విడివిడి భాగాలుగా తిరిగి కట్టుకోవాల్సి వచ్చింది. ఆస్పత్రి సాంకేతిక విభాగానికి అప్పట్లో అధిపతి అయిన జాన్ హలమ్కా జరిగినదంతా దాచకుండా బయటపెట్టాడు. ఇరవై ఏళ్లు దాటినా నెట్‌వర్క్ పాఠాల్లో ఈ సంఘటన చెప్పుకుంటున్నామంటే ఆ నిజాయితీ వల్లే.

ఇందులో ఏ పరికరమూ చెడిపోలేదు. ఏ స్విచ్ పని అది సరిగ్గానే చేసింది. మొత్తం ఆకారం తప్పు. అందుకే మంచి అడ్మిన్ బల్ల మీద నెట్‌వర్క్ పటం ఉంటుంది. ఏ పెట్టె నుంచి ఏ పెట్టెకు ఏ కేబుల్ పోతుందో గీసి, మారినప్పుడల్లా దిద్దిన పటం. కేబుల్ కొసలకు లేబుళ్లు అంటించడం, పటం దిద్దడం ఎవరూ మెచ్చుకోని పని. అసలు ఉద్యోగంలో పెద్ద వాటా అదే.

ఒక్క పదం ఖరీదు

ఈ వృత్తిలో రెండో సగం, ఉన్నదాన్ని చెడగొట్టకుండా మార్చడం. దీన్ని దగ్గర నుంచి చూపడానికి ఒక ఉదాహరణ చాలు.

పెద్ద ఆఫీసుల్లో ఒకే స్విచ్‌ను లోలోపల విడివిడి నెట్‌వర్కులుగా చీలుస్తారు. అకౌంట్స్‌కు ఒకటి, సీసీ కెమెరాలకు ఒకటి, అతిథుల వైఫైకి ఒకటి. వీటిని వీల్యాన్‌లు అంటారు. వీటన్నిటినీ ఒక స్విచ్ నుంచి ఇంకో స్విచ్‌కు మోసే లింకును ట్రంక్ అంటారు. కొత్తగా 30వ నంబరు వీల్యాన్‌ను ఆ ట్రంక్ మీదికి ఎక్కించాలి. సిస్కో స్విచ్‌లో దానికి వాడే కమాండ్‌లో నంబరుకు ముందు 'యాడ్' అనే పదం ఉండాలి. ఉంటే పాత జాబితాకు 30 చేరుతుంది. మరిచిపోతే స్విచ్ అడ్డు చెప్పదు. పాత జాబితా మొత్తాన్ని చెరిపేసి 30 ఒక్కదాన్నే ఉంచుతుంది. అకౌంట్స్ పోయింది, కెమెరాలు పోయాయి. అడ్మిన్ దూరం నుంచి అదే లింకు మీదుగా లాగిన్ అయి ఉంటే అతనూ బయటపడ్డాడు. తప్పు దిద్దడానికి లోపలికి వెళ్లే దారి ఇక లేదు.

ఇలాంటి ప్రమాదానికి ముందే తాడు కట్టుకునే ఉపాయం పాత కాపులకు తెలుసు. ప్రమాదకరమైన మార్పు చేసేముందు "పది నిమిషాల తర్వాత నీ అంతట నువ్వే రీస్టార్ట్ అవ్వు" అని పరికరానికి చెప్పి ఉంచుతారు. మార్పు చేస్తారు, దాన్ని శాశ్వతంగా భద్రపరచరు. అంతా బాగుంటే రీస్టార్ట్‌ను రద్దు చేసి, అప్పుడు భద్రపరుస్తారు. తాము బయట చిక్కుకుపోతే పది నిమిషాలు ఊపిరి బిగబట్టి ఆగుతారు. పరికరం తిరిగి లేచి పాత కాన్ఫిగరేషన్‌తో నిలబడుతుంది.

ప్రపంచంలో పెద్ద సంస్థలకూ ఈ ముప్పు తప్పలేదు. 2021 అక్టోబరు 4 రాత్రి, మన గడియారం ప్రకారం తొమ్మిది దాటాక, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి మూగబోయాయి. ఎవరో దాడి చేశారన్న పుకార్లు లేచాయి. కారణం మామూలు నిర్వహణ పని అని సంస్థే తర్వాత వివరించింది. డేటా సెంటర్లను కలిపే తమ సొంత లింకుల సామర్థ్యాన్ని కొలవడానికి ఇచ్చిన ఒక కమాండ్ ఆ లింకులన్నిటినీ దించేసింది. అలాంటి కమాండ్లను అడ్డుకోవాల్సిన తనిఖీ సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉండి అడ్డుకోలేదు. ఆ సంస్థ డీఎన్ఎస్ సర్వర్లకు ఓ నియమం ఉంది: డేటా సెంటర్ కనబడకపోతే తమ కనెక్షన్‌లోనే తేడా ఉందనుకుని పక్కకు తప్పుకోవాలి. ఆ రాత్రి ఏ సర్వర్‌కూ డేటా సెంటర్ కనబడలేదు, అన్నీ ఒకేసారి తప్పుకున్నాయి. తమ దగ్గరికి దారి ఇదీ అని మిగతా ప్రపంచపు రౌటర్లకు చెప్పే ప్రకటనలను, అంటే బీజీపీ ప్రకటనలను వెనక్కి తీసుకున్నాయి. పేరు అడిగితే అంకె చెప్పేవాళ్లు లేరు. మామూలుగా దూరం నుంచి సరిచేసే పనిముట్లూ అదే నెట్‌వర్క్ మీద ఉండటంతో ఇంజినీర్లు నేరుగా డేటా సెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది. గట్టి భద్రత ఉండే ఆ భవనాల్లోకి అడుగుపెట్టడానికే సమయం పట్టింది. సేవలు తిరిగి రావడానికి సుమారు ఆరు గంటలు పట్టింది.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ఆకారం కనిపిస్తుంది. బోస్టన్‌లో కబురు రాలేదంటే దారి తెగిందనుకోవడం, ఫేస్‌బుక్‌లో డేటా సెంటర్ కనబడలేదంటే నాలోనే తేడా అనుకోవడం. రక్షణ కోసం పెట్టిన నియమమే ఎవరూ ఊహించని పరిస్థితిలో ప్రమాదాన్ని పెంచింది. అందుకే అనుభవజ్ఞులైన అడ్మిన్లు నడుస్తున్న నెట్‌వర్క్ మీద పగలు చెయ్యి వేయరు. మార్పులకు చేంజ్ విండో అని రాత్రిపూట కొన్ని గంటలు కేటాయిస్తారు. ఏం చేస్తారో, తేడా వస్తే ఎలా వెనక్కి వెళ్తారో ముందే రాసి ఇంకొకరికి చూపిస్తారు.

రోజు ఎలా గడుస్తుంది

చేంజ్ విండో రాత్రి అంటే ఉద్యోగి కూడా రాత్రే ఉండాలి. చేరబోయేవాళ్లకు ఎవరూ గట్టిగా చెప్పని విషయం ఇది. పెద్ద కంపెనీల్లో నెట్‌వర్క్‌ను 24 గంటలూ కనిపెట్టి ఉండే కేంద్రాన్ని నాక్ అంటారు. అక్కడ పని షిఫ్టుల్లో నడుస్తుంది. కొత్తవాళ్లు ఎల్1లో మొదలుపెడతారు: అలారం చూడటం, టికెట్ తెరవడం, రాసి ఉన్న పద్ధతి ప్రకారం మొదటి పరీక్షలు చేయడం, తేలకపోతే ఎల్2కు పంపడం. ఎల్3 దాకా ఎదిగినవాళ్లు డిజైన్లు, పెద్ద మార్పులు చూస్తారు. చిన్న ఆస్పత్రిలోనో కాలేజీలోనో అయితే ఒక్క మనిషే ప్రింటర్ నుంచి ఫైర్‌వాల్ దాకా అన్నీ చూస్తాడు. నేర్చుకోవడానికి ఇది గొప్ప చోటు. సెలవు దొరకడం మాత్రం కష్టం.

రాత్రి షిఫ్టులు ఆరోగ్యాన్ని తింటాయి. పండగ రోజున ఫోన్ మోగుతుంది. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి, వాళ్లతో కూర్చుని మాట్లాడుకుని ఈ దారి పట్టడం మంచిది.

ఈ పని మిగులుతుందా

తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఇది, అడగాల్సిందే. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ తన అంచనాల్లో నెట్‌వర్క్, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ల మొత్తం సంఖ్య రాబోయే దశాబ్దంలో కొంత తగ్గుతుందంటోంది. నెట్‌వర్కులను రూపకల్పన చేసే ఆర్కిటెక్టుల సంఖ్య బాగా పెరుగుతుందని కూడా అదే సంస్థ చెబుతోంది. రెండింటినీ కలిపి చదవాలి. తగ్గుతున్నది ఒక్కో పెట్టెలోకి లాగిన్ అయి చేత్తో కమాండ్లు కొట్టే పని. రెండు వందల స్విచ్‌లకు ఒకే మార్పు చేయాలంటే ఇప్పుడు ఆన్సిబుల్ లాంటి సాధనాలు, పైథాన్ స్క్రిప్టులు నిమిషాల్లో చేసేస్తాయి. సర్వర్ గదులు క్లౌడ్‌లోకి వెళ్లిపోతున్నాయి. అయితే క్లౌడ్‌లోనూ చిరునామాలు, రౌటింగ్, డీఎన్ఎస్, ఫైర్‌వాల్ నియమాలే ఉంటాయి. అక్కడా తేడా వస్తే మడి నుంచి వెనక్కి నడవాల్సిందే. స్క్రిప్ట్‌తో రెండు వందల స్విచ్‌లకు ఒకేసారి మంచి మార్పు చేసినట్టే, 'యాడ్' మరిచిన కమాండ్‌నూ రెండు వందలకు ఒకేసారి పంపొచ్చు. కాబట్టి ఏం పంపుతున్నామో తెలిసిన మనిషి విలువ తగ్గలేదు. కమాండ్లు బట్టీ పట్టి, అంతకుమించి నేర్చుకోనివాళ్లకు మాత్రం గడ్డుకాలమే.

మన దగ్గర ఇంకో వైపు నుంచీ పని పెరుగుతోంది. భారత్‌నెట్, ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, తెలంగాణ టీ-ఫైబర్ పథకాలు గాజు తీగను గ్రామ పంచాయతీల దాకా తీసుకెళ్లే పనిలో ఉన్నాయి. తీగ వేశాక దాన్ని కాపాడాలి. అది ఎక్కడో పొలం గట్టు కింద తెగితే, కిలోమీటర్ల పొడవునా తవ్వకుండానే చోటు చెప్పే ఓటీడీఆర్ అనే పరికరం ఉంది. అది తీగలోకి ఓ వెలుగు చుక్కను పంపి, తెగిన చోట తగిలి వెనక్కి వచ్చే వెలుగు కోసం చూస్తుంది. వెళ్లి రావడానికి ఒక మైక్రోసెకను పడితే తెగింది సుమారు వంద మీటర్ల దూరంలో. పది మైక్రోసెకన్లయితే కిలోమీటరు. తీగను అతికే యంత్రం, ఓటీడీఆర్ రెండూ చేతనైన యువకులకు సొంత జిల్లాలోనే పని దొరికే అవకాశం ఉంది. నెట్‌వర్క్ ఉద్యోగమంటే మాదాపూర్ అద్దాల భవనమే అనుకోనక్కర్లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి

బీటెక్ తప్పనిసరి కాదు. డిప్లొమా, బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ చదివినవాళ్లు ఈ రంగంలో చాలామంది ఉన్నారు. తొలి మెట్టుగా ఎక్కువమంది రాసేది సిస్కో వారి సీసీఎన్ఏ. పరీక్ష రెండు గంటలు, ఫీజు 300 డాలర్లు, సర్టిఫికెట్‌కు మూడేళ్ల చెల్లుబాటు. మధ్యతరగతి ఇంటికి అది చిన్న మొత్తం కాదు. కాబట్టి డబ్బు కట్టేముందే పని నచ్చుతోందో లేదో తేల్చుకోవాలి. తేల్చుకోవడానికి ఖర్చేమీ లేదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ ఇచ్చే ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో స్విచ్‌లు, రౌటర్లు అమర్చి ఆడుకోవచ్చు. జెరాల్డ్ కూంబ్స్ 1998లో వేరే పేరుతో మొదలుపెట్టిన వైర్‌షార్క్ కూడా ఉచితమే. మీ కంప్యూటర్ పంపే, అందుకునే ప్రతి ప్యాకెట్‌ను విప్పి చూపుతుంది. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ అధ్యాపకుల నెట్‌వర్క్ పాఠాలు ఉన్నాయి.

పరీక్షలో వచ్చిన ప్రశ్నలను పోగుచేసి డంప్స్ పేరుతో అమ్మేవాళ్లు ఉంటారు. వాటిని బట్టీ పట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్న అభ్యర్థి ఇంటర్వ్యూలో "బ్రౌజర్‌లో చిరునామా కొట్టి ఎంటర్ నొక్కితే ఏమేం జరుగుతుంది?" అన్న మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాడు. పైన చెప్పిన మజిలీలన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి. ఎంత లోతుకు వెళ్తే అంత దూరం దానికి జవాబు ఉంది.

మొదటి వారాంతానికి ఓ చిన్న ప్రయోగం సరిపోతుంది. ప్యాకెట్ ట్రేసర్‌లో 2960 రకం స్విచ్‌లు రెండు పెట్టి, వాటి మధ్య రెండు కేబుళ్లు వేయండి. ఒక్కో స్విచ్‌కు ఓ కంప్యూటర్ తగిలించి, రెండింటికీ 192.168.1.1, 192.168.1.2 అని చిరునామాలు ఇవ్వండి. కాసేపటికి స్విచ్‌ల మధ్య కేబుళ్ల కొసల్లోని నాలుగు దీపాల్లో మూడు ఆకుపచ్చగా మారి, ఒకటి నారింజ రంగులోనే ఉండిపోతుంది. స్పానింగ్ ట్రీ మూసిన దారి అదే. ఒక కంప్యూటర్ నుంచి రెండోదానికి ఆగకుండా పింగ్ నడుస్తూ ఉండగా, స్విచ్‌ల మధ్య ఉన్న రెండింట్లో, రెండు దీపాలూ ఆకుపచ్చగా ఉన్న కేబుల్‌ను తీసేయండి. జవాబులు ఆగిపోతాయి. సుమారు 30 సెకన్ల తర్వాత నారింజ దీపం ఆకుపచ్చగా మారి జవాబులు మళ్లీ మొదలవుతాయి. ఇంకో దారి పక్కనే సిద్ధంగా ఉన్నా స్విచ్ ఆ అరనిమిషం ఎందుకు ఆగింది? వెంటనే తెరిచి ఉంటే ఏమయ్యేది? జవాబు కోసం వెతుకుతూ రాత్రి భోజనం సంగతే మరిచిపోయారంటే సీసీఎన్ఏ ఫీజు కట్టొచ్చు. విసుగొచ్చి ల్యాప్‌టాప్ మూసేశారంటే, ఆ 300 డాలర్లు మీకు మిగిలాయి. కంప్యూటర్ల రంగంలో వేరే పనులు చాలా ఉన్నాయి.